బాపు లెక్క

చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో మా లెక్కల సారుకు అమ్మాయిలందరూ బిడ్డలే. అబ్బాయిలకు ఆ బంధుత్వం లేదు, వాళ్లు ఉత్త స్టూడెంట్లు. డౌట్ అడిగితే చాలు, "ఏంది బిడ్డా" అంటూ పక్కకొచ్చి వీపు మీద చెయ్యి వేసేవాడు. లెక్క రెండు లైన్లలో తేలిపోయేది. చెయ్యి మాత్రం లోపలి పట్టీ దగ్గర ఆగి, ఇంకో పద్ధతిలో కూడా చేసి చూపిస్తానని కూర్చునేది.

హాస్టల్లో రూమ్మేట్‌కు చెప్పాను.

"ఏమన్న అన్నడా?"

"బిడ్డా అన్నడు."

"మరింకేందే? బాపు లెక్క గదా."

నాకు ఊహ తెలిశాక మా బాపు నా వీపు మీద చెయ్యి వేసింది ఒక్కసారే, పల్లీ గొంతుకు అడ్డం పడినప్పుడు. అదీ గుద్దాడు.

ఆదివారం ఎల్బీనగర్‌లో ఉండే చిన్నమ్మ దగ్గర కూర్చుని "లైంగిక వేధింపులు" అన్నాను. ఆమె ముందు కిటికీ మూసింది.

"పేపర్ల మాటలు మాట్లాడకు. గది మీ బాపు చెవుల పడ్డదనుకో, పొద్దుగాల బస్సుకే వచ్చి నిన్ను నల్గొండకు తోల్కపోతడు. ఇగ పరీక్ష లేదు, ఏం లేదు."

అందులో అబద్ధం లేదు. తప్పు సారుది, బ్యాగు సర్దుకోవాల్సింది నేను.

"మరేమనాలె చిన్నమ్మా?"

"జర పరేషాన్ చేస్తుండు అను."

పరేషాన్ మా హాస్టల్లో దోమలు కూడా చేస్తాయి.

తర్వాతి క్లాసులో నేను డౌట్ అడక్కుండానే వచ్చాడు. "ఏంది బిడ్డా, సప్పుడు చేస్తలేవు?" చెయ్యి పడింది.

"సార్, మా బాపు నంబరిస్త. మీరిద్దరు మాట్లాడుకోండ్రి. నేనెవరి బిడ్డనో తేలితే ఫీజెవరు కట్టాల్నో తెలుస్తది."

నంబరు నిజంగా అడిగితే నా పని అయిపోయేది. అడగలేదు. క్లాసంతా నవ్వింది, సారూ నవ్వాడు, చెయ్యి తీశాడు.

"భలే జోకేసినవే!" అంది రాత్రి హాస్టల్లో రూమ్మేట్, సంగతి విని.

"జోకు కాదే," అన్నాను. దానికి ఇంకా ఎక్కువ నవ్వింది.

సారు ముందు బెంచీకి మారాడు. అక్కడి అమ్మాయికి జోకులు రావు. వారం తర్వాత మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"అక్కా, సారు నిన్ను గూడ గట్లనే... దాన్నేమంటరక్కా?"

ఈసారి కిటికీలేవీ చూసుకోకుండా పేపర్ల మాటే చెప్పాను. తను మాత్రం మెట్ల పైకీ కిందికీ చూసింది.

"గా మాటనే అంటే, మా ఇంటోళ్లు నన్ను తోల్కపోరా?"

నాకు ఒక్క జోకూ తట్టలేదు.