పెనుకొండ గోడ మీద ఒంటె

కుళ్లాయప్ప ఒకచోట నిలబడి బొమ్మ వేయలేడు. కాస్త రంగు పెడతాడు, వెనక్కి నడుస్తాడు, కళ్లు చికిలించి చూస్తాడు, మళ్లీ దగ్గరికి వస్తాడు. హిందూపురంలో లారీలకు బాడీ కట్టే షెడ్డులో ఆయన బతుకంతా ఇట్లాగే గడిచింది. లారీ వెనక తలుపు మీద మంచుకొండలు, వాటి కింద చెరువు, చెరువులో రెండు హంసలు. మంచు ఆయన ఎన్నడూ చూడలేదు. పాత క్యాలెండరు చూసి నేర్చుకొన్న కొండలవి.

లారీ బొమ్మ అంటే, వెనక వచ్చే బండివాడి కోసం వేసేది. అందుకే అంచులు మొద్దుగా, రంగులు కలపకుండా పక్కపక్కన పెడతాడు. దగ్గర నుంచి చూస్తే ముద్దలు ముద్దలు. దూరం పోయేకొద్దీ కొండ లేచి నిలబడుతుంది.

స్టిక్కర్లు వచ్చాక ఆ పని పోయింది. నంబరు ప్లేట్లు రాస్తూ, ఇంట్లో కుదురుగా కూర్చోలేక బస్టాండు దాకా తిరిగి వస్తూ ఉండేవాడు. పోయిన ఎండాకాలం పెనుకొండ నుంచి పిలుపు వచ్చింది. హైవే పక్కన హోటలు కడుతున్న రఘునాథ్, భోజనాల హాలు లోపల, వెనక గోడంతా బొమ్మ కావాలన్నాడు. ఫోన్లో ఒక చిత్రం చూపించాడు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లీషు దొర ఒకాయన ఎడ్లబండి మీద వచ్చి వేసిన పెనుకొండ. పైన కొండ, కోట గోడ, బండరాతి గుండ్లు, ఎర్రటి సాయంత్రం. కింద ఖర్జూరపు చెట్లు, ఒక ఒంటె.

"మన పక్క ఒంటె యాడిదప్పా?"

"దొర పెట్టినాడు గదన్నా, నువ్వూ పెట్టు. బెంగుళూరోళ్లు ఫోటోలు తీసుకుంటారు. బాగా రాకపోతే మాత్రం ధర్మవరంలో ఫ్లెక్స్ కొట్టిస్తా. ముందే చెప్తాండా."

కుళ్లాయప్ప ఇంటికి వచ్చి భార్య మారక్కతో అన్నాడు: "ఆ దొర నా మాదిరోడే మే. తూర్పు దేశమంటే ఒంటె ఉండాల్సిందే అనుకొన్నాడు."

"నువ్వు మంచులో హంసల్ని ఈదిచ్చలేదా? ఇద్దరూ సరిపోయినారు."

మళ్లీ గోడంత బొమ్మ దొరుకుతుందో లేదో. ఫ్లెక్స్ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఒప్పుకొని పనికి దిగాడు. హాల్లో దుమ్ము పడకుండా రోడ్డు వైపు షట్టరు దించి ఉంచారు. నాలుగు అడుగులు వెనక్కి వేస్తే వీపుకు సిమెంటు మూటలు తగిలేవి. చూసుకోవడానికి దూరం లేక, చేతికి అలవాటైన లెక్కతో పని ముగించాడు.

హోటలు తెరిచే ముందు బల్లలు వచ్చాయి. రఘునాథ్ గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని తల తిప్పాడు.

"ఇదేందన్నా, గోడ మీద చిత్రాన్నం చల్లినట్టుండాది?"

"దూరం పోయి చూడప్పా."

"యాడికి పోవాల? బువ్వ తినేటోడు ఈడనే గదా కూర్చునేది."

కుళ్లాయప్పకు అప్పుడు తట్టింది. అలవాటుగా, వెనక వచ్చే బండివాడి కోసం వేశాడు. ఇక్కడ చూసేవాడు గోడకు మూరెడు దూరంలో ప్లేటు ముందు కూర్చుంటాడు. సన్న కుంచె తీసుకుని గుండ్లు ఒక్కొక్కటే దిద్దడం మొదలుపెట్టాడు. మొద్దు కుంచెకు అలవాటైన చేతికి సన్న గీతలు రాలేదు. సాయంత్రానికి సగం కొండ బూడిదలో ముంచినట్టయింది. రఘునాథ్ ధర్మవరానికి ఫోన్ చేశాడు.

కుళ్లాయప్ప డబ్బాలు సంచిలో వేసుకుని, రోడ్డు దాటి, బస్సు కోసం నిలబడ్డాడు. బల్లల కోసం ఎత్తిన షట్టరు ఎత్తినట్టే ఉంది. హాలు లోపల, తాను దిద్దని సగం కొండ, కోట గోడతో సహా లేచి నిలబడి ఉంది.

బస్సు వచ్చింది. ఎక్కలేదు. వెనక్కి వెళ్లి, గొణుగుతున్న రఘునాథ్‌ను రోడ్డు దాటించి తెచ్చాడు.

"ఈడ నుంచి చూడు."

రఘునాథ్ కళ్లు చికిలించి చూశాడు. "సగమే బాగుండాది."

"తక్కిన సగం దిద్ది చెడగొట్టినా."

"బువ్వకొచ్చినోళ్లను రోడ్డు మీద కూర్చోబెట్టలేను గదన్నా. లోపల ఫ్లెక్సే." రెండు లారీలు పోయేదాకా ఆగి, "రోడ్డు పక్క గోడ ఖాళీగా ఉండాది. కావాలంటే అది తీసుకో" అన్నాడు.

హోటలు తెరిచారు. లోపల ఫ్లెక్స్‌లో ఒంటె పక్కన పిల్లలు ఫోటోలు దిగుతున్నారు. బయటి గోడ ఇంకా పూర్తి కాలేదు. కుళ్లాయప్ప ఫోన్లో బొమ్మ చూసే మొదలుపెట్టాడు కానీ, పక్కనే అసలు కొండ కనబడుతుంటే ఖర్జూరపు చెట్లు నిలవలేదు. చెరిపేశాడు. పొద్దున పెట్టిన రంగు మధ్యాహ్నానికి కొండతో కలవడం లేదు. మళ్లీ చెరిపాడు. రోడ్డు దాటి చూస్తాడు, దాటి వస్తాడు. లారీవాళ్లు హారన్ కొట్టి తిడుతుంటారు.

"అన్నా, ఒంటె యాడ?" గల్లాపెట్టె దగ్గర నుంచి రఘునాథ్ కేకేశాడు.

"దోవలో ఉండాది లేప్పా" అంటూ కుళ్లాయప్ప మళ్లీ రోడ్డు దాటాడు.