సిస్టరమ్మ పట్టుకున్న చెయ్యి

హిందూపురంలో ధర్మవరం బస్సెక్కేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. గుండె జబ్బుతో నీరసించిన మా అవ్వకు ముందు సీట్లో ఉన్న ఒక సిస్టరమ్మ జరిగి చోటిచ్చింది. తెల్లచీర, మెడలో సిలువ, ఆవిడదీ పెద్ద వయసే. నేను వెనక జనంలో నిలబడ్డాను.

పెనుకొండ దాటాక చూస్తే అవ్వ తల సిస్టరమ్మ భుజం మీద వాలిపోయి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. "అవ్వా!" అని గట్టిగా పిలిచాను. పలకలేదు. జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లాను.

సిస్టరమ్మ అవ్వ మణికట్టు పట్టుకుని ఉంది.

"అరవద్దబ్బా, నిద్రపోతాండాది. నాడి బాగుండాది" అంది మెల్లగా. "నా బతుకంతా రోగుల మంచాల పక్కనే గడిచిపోయింది. జబ్బు మనిషి పక్కనుంటే ఈ చెయ్యి ఊరికే ఉండదు."

పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది నాకు.

ధర్మవరం బస్టాండులో బస్సు ఆగేసరికి అవ్వ మేలుకుంది. ఈసారి సిస్టరమ్మ నిద్రపోతోంది. అవ్వ చెయ్యి మాత్రం వదల్లేదు.

"దిగుదాం లే అవ్వా" అన్నాను.

అవ్వ కదల్లేదు.

"గమ్మునుండ్రా. ఇప్పుడు చెయ్యి తీస్తే, నాకేమో అయిందని ఉలిక్కిపడి లేస్తాది. అందర్నీ దిగనీ."