మా నాయిన చెప్పిన సాక్ష్యం

తాగి బండి నడిపిన పెద్దమనుషులు లైసెన్సు పోకుండా కోర్టుల్లో చెప్పుకునే సాకులు పేపర్లో పడితే మా ఆఫీసులో అందరూ పగలబడి నవ్వుతారు. ఒకాయనకు దగ్గుమందు ఎక్కువైందట. ఇంకొకాయన కారు నడపకపోతే నియోజకవర్గమే ఆగిపోతుందట. నవ్వండి, నవ్వడానికేం. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. అలాంటి సాకు ఒకదానికి మా నాయిన సాక్షిగా నిలబడ్డాడు. దాన్ని నమ్మి మా అక్కను పోగొట్టుకున్నాం.

భద్రాచలం పోయే తారు రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే, వాగు అవతల మా గూడెం. జీపో సైకిలో రావాలంటే చాలా దూరం చుట్టు తిరిగే బండిబాట ఒకటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. అంబులెన్సులు ఇంకా మా వైపు రాలేదు. వానలు పడకముందే నెలలు నిండుతున్న ఆడవాళ్ళను వాగు దాటించి, రోడ్డు మీది ఊళ్ళో చుట్టాల ఇంట్లో ఉంచడం మా పద్ధతి. అది కుదరకపోతే మంచాన్ని పొడవాటి కట్టెకు కట్టి మోసుకుపోవడమే.

మా మండలాధ్యక్షుణ్ణి అందరూ ప్రెసిడెంటు అనేవారు. ఆయనకు జీపంటే ప్రాణం. డ్రైవర్ని పెట్టుకోడు, తాగినా తానే నడుపుతాడు. ఒకసారి మేకల మంద మీదికి ఎక్కించాడు, అడిగినవాడు లేడు. ఆ తర్వాత తాగిన మత్తులో పాలు పోసే ముసలాయన్ని గుద్ది కాలు విరగ్గొట్టాడు. ముసలాయన అల్లుడు పట్టుదల మనిషి, కేసు వదల్లేదు. కోర్టులో ఈసారి లైసెన్సు పోవడం ఖాయమని అందరూ అనుకున్నారు.

అప్పుడు ఆయన వకీలుకు మేం గుర్తొచ్చాం. ఈయన జీపు ఆగిపోతే అడవిలో గూడేలకు దవాఖానా దారి మూసుకుపోతుందని వాదన తయారైంది. పూర్తిగా అబద్ధమని కూడా అనలేను. ఎలక్షన్ల ముందు మా నానమ్మకు జ్వరం ముదిరితే నిజంగానే జీపులో భద్రాచలం తీసుకుపోయాడు. ఆ ఒక్కసారే. ఆ సంగతి చెప్పమని నాయినను పిలిచారు. కోర్టుకు అదే జీపులో, ప్రెసిడెంటే నడుపుకుంటూ తీసుకుపోయాడు. నాయిన ముందు సీట్లో కూర్చున్నాడు. దారిలో పూరీ తినిపించారు.

సెలవులకు హాస్టల్ నుంచి వచ్చి ఉన్నాను కాబట్టి నేనూ వెళ్ళాను. నాయిన నానమ్మ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. జడ్జి గారు, "మరి ఎప్పుడు పిలిచినా వస్తాడా?" అని అడిగారు. నాయిన ప్రెసిడెంటు వైపు చూశాడు. ఆయన చేతులు జోడించి, "వస్తనయ్యా. ఏ యాళ పిలిచినా వస్త. వాళ్ళకు నేను గాక ఎవరున్నరు?" అన్నాడు. అప్పుడు నాయిన జడ్జి గారి వైపు తిరిగి గట్టిగా, "అవ్, వస్తడు" అన్నాడు.

ఆ మాట గురించి కొంచెం చెప్పాలి. మా గూడెంలో ఒక మనిషి పెద్దల ముందు మాట ఇస్తే, పక్కనున్న ఇంకో పెద్దమనిషి దాన్ని మళ్ళీ పైకి చెప్పాలి. అలా చెబితేనే ఆ మాట కట్టుపడినట్టు. ఆ తర్వాత తప్పడానికి ఉండదు. నాయిన చేసింది అదే. కోర్టుకేమో అది జరుగుతున్న సంగతికి సాక్ష్యం. నాయినకు అది ఇచ్చిన మాటకు సాక్ష్యం. ఆ తేడా అక్కడ ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. లైసెన్సు నిలబడింది, కోర్టు బయట దండలు పడ్డాయి.

ఇంటికొచ్చి నాయిన గూడెమంతా చెప్పాడు. "జడ్జి ముందట మాటిచ్చిండు. ఇగ మనకు మంచం మోసే బాధ లేదు." ఆ ఏడు అక్కకు తొలి కాన్పు. వానలు మొదలవుతుంటే అమ్మ, పిల్లను వాగు దాటిద్దామని పోరు పెట్టింది. నాయిన వినలేదు. "జీపు వస్తదని చెప్తున్న గదా. ఇంట్ల ఉండాల్సిన పిల్లను ఇంకొకరి చూరు కింద ఎందుకు పెట్టాలె? ఏంది నీ భయం?" అన్నాడు. అక్క కూడా నవ్వుతూ, "నాయిన ముందట కూసున్నడట గదనే, నన్ను గూడ ముందటనే కూసోబెట్టమను" అంది. మంచం మొయ్యగలిగిన మగవాళ్ళు నాట్ల పనికి సత్తుపల్లి వైపు పోయారు. వేరే ఏడైతే ఇద్దరు ముగ్గుర్ని ఆపేవాళ్ళు. జీపుందని ఎవర్నీ ఆపలేదు.

అక్క కాన్పుకని నేను హాస్టల్ నుంచి మళ్ళీ వచ్చి ఉన్నప్పుడు, ఒకరోజు పొద్దున అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బావ సైకిలేసుకుని మండలానికి పోయాడు. ప్రెసిడెంటు ఇంట్లోనే ఉన్నాడట. "నువ్వు పో, నీ యెనకనే వస్త" అన్నాడట. బావ ఆ మాట పట్టుకుని ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. అమ్మ అక్కకు తల దువ్వి, పాత చీరలు మూట కట్టింది. నాయిన బాట దగ్గర నిలబడ్డాడు. అక్క పళ్ళు బిగబట్టుకుని, "సప్పుడు ఇనొస్తుందా?" అని నన్ను అడుగుతూనే ఉంది. వస్తోందనే చెప్పాను. వేరే ఏం చెప్పను?

పొద్దు నడినెత్తికొచ్చింది, వాలింది. జీపు రాలేదు. అమ్మ మంచం కడదామంటే, నాయిన ఇంకాసేపు చూద్దామన్నాడు. మనం వాగు మీదుగా అడ్డదారిన పోతే ఆయన బండిబాట వెంట వచ్చి వెనక్కి పోతాడని నాయిన భయం. బావ మళ్ళీ పోయాడు. ఈసారి ప్రెసిడెంటు భార్య బయటికొచ్చి, ఆయన మీటింగుందని జీపేసుకుని ఖమ్మం పోయిండని చెప్పింది.

అప్పుడు కట్టాం మంచం. మొయ్యడానికి మిగిలింది నాయిన, బావ, అమ్మ, నేను. నా భుజం ఎత్తు నాయిన భుజానికి సరిపోక మంచం ఒక పక్కకు ఒరుగుతూ ఉంది. వాగు నడుము లోతు పారుతోంది. ఎలాగో దాటించాం. అవతలి గడ్డ మీద దించి నీళ్ళు తాగిద్దామని చూస్తే అక్క తాగలేదు. లోపలి బిడ్డ కూడా అక్కతోపాటే పోయింది. తనను గనక నెల ముందు వాగు దాటించి ఉంటే నాకు ఇవాళ అక్క ఉండేది. ఆ మాట ఇన్నేళ్ళలో అమ్మ ఒక్కసారి కూడా నాయినను అనలేదు. అనకపోవడమే నాయినను తినేసింది.

దినాలు కాగానే నాయిన కోర్టుకు పోదామన్నాడు. మాట ఎక్కడ కట్టుపడిందో అక్కడే చెప్పుకోవాలి మరి. నేను కోపంతో కాగిపోతూ వెంట వెళ్ళాను. ఆ లైసెన్సు చించి పారేయిస్తాం అనుకున్నాను. బంట్రోతును బతిమాలితే కేసుల మధ్య లోపలికి పంపించాడు. నాయిన కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అయ్యా, నా బిడ్డ పోయింది. ఆ పంచాయితీకి రాలేదు నేను. మా గూడెంల ఇంకో పిల్లకు నెలలు నిండుతున్నయి. ఆ పిల్లకన్న రమ్మని ఆయనకు జెర చెప్పుండ్రి."

జడ్జి గారికి సంగతి అర్థం కావడానికి నేను మొదటి నుంచీ చెప్పవలసి వచ్చింది. విని ఆయన మెల్లగా, "పెద్దాయనా, అది ఆయన లైసెన్సు పోకుండా చెప్పుకున్న కారణం. రమ్మని నేను ఆర్డరు వెయ్యలేదు, వెయ్యడానికి లేదు. ఆ కేసు ఎప్పుడో అయిపోయింది" అన్నారు.

"మరి వస్తడా అని నన్నెందుకు అడిగిండ్రయ్యా?"

నాయిన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. జడ్జి గారు మమ్మల్ని బయట కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇమ్మని బంట్రోతుకు చెప్పారు. నాయిన కూర్చోలేదు. ఆకాశం కేసి చూసి, వాన పడేలా ఉంది, వాగు పెరగకముందే ఆ పిల్లను దాటించాలి నడువు బిడ్డా అని, బస్సు కోసం నాకంటే ముందు నడిచాడు.