విడి గ్లాసు, చిగుళ్ల పరీక్ష

ఆషాఢంలో ఒక శనివారం ఉదయం పళ్లు తోముకుంటుంటే నాలుక మీద తెల్లటి పొర కనిపించింది. గీస్తే కొంత ఊడి, కింద ఎర్రటి పుండులా మిగిలింది. అంతకుముందు నుంచే సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడేది. చొక్కాలు మెడ దగ్గర వదులయ్యాయి. వాటిని వయసు ఖాతాలో వేశాను. నాలుకను మాత్రం ఆ ఖాతాలో వేయలేకపోయాను. ఆ మధ్యాహ్నం పులిహోర ప్రసాదం ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ల వెంట నీళ్లు వచ్చాయి.

నేను యాభై దాటినవాడిని. ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో పని చేస్తాను. గౌలిపురలో తరతరాలుగా మా వంశం సేవలో ఉన్న ఒక చిన్న గుడికి మా అన్నయ్య అర్చకుడు. శనివారాల నైవేద్యం వండటం నా వంతు. ఇంట్లో భార్య, ఇంటర్మీడియట్ చదివే కూతురు ఉన్నారు. ప్రతి సంగతినీ తేదీ వేసి రాసుకోవడం నా అలవాటు. ఇక్కడ మాత్రం తేదీలు తీసేసి నెలలే ఉంచాను. మా వీధిలో గుర్తుపట్టేవాళ్లు ఎక్కువ.

మాకు అలవాటైన డాక్టరు నోరు చూసి ‘ఓరల్ థ్రష్’, నోటిలో బూజు లాంటి ఫంగస్, అన్నాడు. షుగర్ పరీక్ష చేయించాడు, నార్మల్ వచ్చింది. పూతమందు రాస్తే పొర తగ్గింది, మందు ఆపగానే తిరిగి వచ్చింది. రెండోసారి వెళ్లినప్పుడు ఆయన తలుపు వేసి కూర్చున్నాడు.

"ఒకసారి హెచ్‌ఐవీ చేయిద్దాం. రూల్ అవుట్ చేసుకుంటే మంచిది కదా."

ఆయన రాసిన చీటీ జేబులో పెట్టుకున్నాను. మా వీధి చివరి ల్యాబు యజమాని ప్రతి శనివారం గుడికి వస్తాడు. అక్కడ రక్తం ఇస్తే, రిపోర్టు నాకంటే ముందు ధ్వజస్తంభం దాకా చేరుతుందని నాకు తెలుసు. ఆ వారమే కిషన్‌బాగ్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ ఉచిత శిబిరం పెడుతోందని ఆఫీసులో కరపత్రం చూశాను. పేరు అడగరు, సూది గుచ్చరు, చిగుళ్ల మీద పుల్ల రుద్ది చూస్తారని అందులో ఉంది. అక్కడ నన్ను ఎరిగినవారు లేరు. ఆదివారం ఉదయం గుడి నుంచి నేరుగా అటే వెళ్లాను.

శిబిరంలోని కౌన్సెలర్ ముప్పై దాటని అమ్మాయి. పేరుకు బదులు ఒక నంబరు ఇచ్చి, "నోట్లో ఏమన్న పెట్టుకున్నరా సార్? పాన్, చాయ్, గుట్కా?" అని అడిగింది.

"తీర్థం తీసుకున్న."

"తీర్థమైనా అంతే సార్. అరగంట కూసోవాలె."

పక్క కుర్చీలో ఒక ఆటో డ్రైవర్ కూర్చున్నాడు. నా నుదుటి బొట్టు చూసి నవ్వాడు. "నేను జర్దా ఉమ్మేసి కూసున్న, మీరు తీర్థం తాగి కూసున్నరు. ఇద్దరికీ అరగంటే! ఫికర్ చేయకుండ్రి పంతులు సాబ్. నేను ఏటా చేయించుకుంట. ఆటోకు ఫిట్‌నెస్ చేయిస్తలేమా, గట్లనే."

అరగంట తర్వాత కౌన్సెలర్ చెప్పినట్టే పై చిగురు మీద ఒకసారి, కింది చిగురు మీద ఒకసారి పుల్లను రుద్ది, మందునీళ్లున్న చిన్న గొట్టంలో నిలబెట్టాను. ఒక గీత వస్తే నాన్ రియాక్టివ్, రెండు వస్తే రియాక్టివ్, అంటే జబ్బు ఉండవచ్చని. ఫలితం చూసే వేళకు రెండో గీత లేతగా, కానీ స్పష్టంగా ఉంది.

"రియాక్టివ్ వచ్చింది సార్. గిది ఫైనల్ కాదు. సర్కారు దవాఖానల బ్లడ్ టెస్టుతోని కన్ఫర్మ్ చేస్తరు. రేపు నేను గూడ వస్త, పోదామా?"

"నేనే పోత."

"ఇంట్ల మేడమ్‌ను గూడ తీస్కపోండ్రి సార్. తప్పకుండ."

తల ఊపాను. బస్సులో తిరిగి వస్తూ నేను చేసిన ఆలోచన ఇది: ఎంగిలిలో పరీక్ష చేస్తే కనిపించిందంటే, జబ్బు ఎంగిలిలో ఉన్నట్టే. మాది కొరికిన పండు ఇంకొకరు ముట్టని ఇల్లు. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తిపోసుకుని నీళ్లు తాగే ఇల్లు. ఎంగిలికి మించిన మైల మాకు తెలియదు. అందువల్ల ఆ ఆలోచన నాకు లెక్క సరిపోయినట్టే అనిపించింది. ఇంటికి చేరగానే నా గ్లాసు, కంచం విడిగా పెట్టుకున్నాను. దీక్ష పట్టానని చెప్పి పడక ముందుగదికి మార్చాను. చేయి బెణికిందని అన్నయ్యకు చెప్పి గుడి వంట మానేశాను. నా కంచం నేనే కడుక్కుని, కడిగిన చోట మళ్లీ వేడినీళ్లు పోసేవాడిని.

రక్తపరీక్షకు మాత్రం వెళ్లలేదు. నా వల్ల ఇంట్లోవాళ్లకు సోకకుండా కట్టడి చేశాను కదా, తొందరేముందని అనుకున్నాను.

మా ఇంట్లో ఈ దీక్షను మొదట ప్రశ్నించింది నా కూతురు. "పెద్దనాన్న పూజారి. ఆయనే నా చిప్స్ ప్యాకెట్ల చెయ్యి పెడ్తడు. మీకే మస్తు మడి ఎక్కువైంది నాన్నా!"

నా భార్య నవ్వలేదు. శ్రావణ శుక్రవారం వ్రతం చేసుకుని తాంబూలం ఇవ్వడానికి వస్తే గుమ్మం దగ్గరే ఆపి, కింద పెట్టమన్నాను. పళ్లెం చేతిలో పట్టుకునే అంది: "దీక్ష పట్టినోళ్లు దేవుని దగ్గరికి పోతరు. మీరేందండి, గుడి బందు జేసి, ఇంట్ల మూలకు కూసున్నరు?"

పళ్లెం కింద పెట్టి వెళ్లిపోయింది.

భాద్రపదం వచ్చేసరికి మంచినీళ్లు కూడా గొంతు దిగడం కష్టమైంది. ఆఫీసులో కళ్లు తిరిగి పడ్డాను. ఆఫీసువాళ్లు ఫోన్ చేస్తే నా భార్య వచ్చి, నన్ను అడగకుండానే ఆటో పిలిచి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లింది. అక్కడి డాక్టరమ్మకు, భార్యను బయట కూర్చోబెట్టిన తర్వాత, చిగుళ్ల పరీక్ష సంగతి చెప్పాను. థ్రష్ ఆహారనాళం దాకా దిగిందని, అడ్మిట్ కావాలని ఆమె చెప్పింది. రక్తం తీసి వేర్వేరు కిట్లతో మూడుసార్లు పరీక్షించారు. మూడింటిలోనూ పాజిటివ్. ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంత మిగిలిందో చెప్పే సీడీ ఫోర్ కౌంట్ రెండువందలకు తక్కువ.

"ఇన్ని రోజులు ఏం చేసిండ్రు?" అని డాక్టరమ్మ అడిగింది.

విడి గ్లాసు, విడి కంచం, విడి పడక గురించి వరుసగా చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది.

"ఆ పుల్ల పట్టేది వైరస్‌ను కాదండీ, యాంటీబాడీలను. వైరస్ వస్తే ఒళ్లు తయారు చేసుకునేవి. ఎంగిలితో, కంచంతో, వంటతో ఇది రాదు. రక్తంతో వస్తుంది, జాగ్రత్త లేని సంసారంతో వస్తుంది. మీకిది ఈ నెలలో వచ్చింది కాదు, కొన్నేళ్లయి ఉంటుంది. గ్లాసు పక్కకు పెట్టిండ్రు సరే. మీ భార్యకు టెస్టు చేయించిండ్రా?"

లేదన్నాను.

"ఆమెకు ఉంటే ఇన్ని రోజుల మందు ఆమెకు పోయినట్టే. ఆమెకు ఉంటే పాపకు గూడ చూడాలె. నన్ను చెప్పమంటరా, మీరు చెప్తరా?"

నేనే చెబుతానన్నాను. వరండాలో బల్ల మీద నా భార్య సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, జబ్బు పేరు చెప్పాను.

"నాకు గూడ ఉన్నదా?"

"తెల్వదు. చూపించుకోవాలె."

"పిల్లకు?"

"నీది చూసినంక చెప్తరు."

"మీకు ఎప్పటిసంది తెలుసు?"

"ఆషాఢం."

ఆమె నెమ్మదిగా నా వైపు తిరిగింది. "రెండు నెలలు నన్ను గ్లాసుకాడ కాపాడిండ్రు."

లేచి తనే వెళ్లి రక్తం ఇచ్చింది.

ఈ జబ్బు నాకెలా వచ్చిందో ఇక్కడ రాయడం లేదు. అందరూ మొదట అడిగేది అదే. చికిత్సకు అవసరం లేనిదీ అదే. తెలియవలసిన ఒక్కరికి ఆ సాయంత్రం చెప్పాను.

ఆమెకు నెగటివ్ వచ్చింది. అందువల్ల మా అమ్మాయికి పరీక్ష అవసరం లేదన్నారు. అయితే కొత్తగా సోకి ఉంటే బయటపడటానికి ‘విండో పీరియడ్’ ఉంటుందని, మూడు నెలలకు మళ్లీ చూడాలని డాక్టరమ్మ చెప్పింది. గొంతు బాధ తగ్గాక నాకు ఏఆర్‌టీ, అంటే వైరస్‌ను అణచిపెట్టే మందు, మొదలుపెట్టారు. రోజుకు ఒక మాత్ర. దానితోపాటు ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చిన కోట్రైమాక్సజోల్ నాకు పడలేదు. రెండో వారంలో ఒళ్లంతా దద్దుర్లు లేచి మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాం. అది మార్చి వేరే మందు ఇచ్చారు. కార్తీకానికి అన్నం రుచి తెలిసింది.

ఆ మూడు నెలలూ నా భార్య కూతురి గదిలో పడుకుంది. విడి కంచం తనే తీసుకుపోయి అన్ని కంచాల మధ్య పెట్టింది. మాత్ర వేసుకున్నారా అని అడిగేది. వేసుకున్నానంటే అక్కడితో మాట ముగిసేది. నేను నా కౌంట్ గురించి ఆలోచించడం మానేశాను. మార్గశిరంలో రాబోయే ఆమె ఫలితం ఒక్కటే లెక్కలో మిగిలింది.

మార్గశిరంలో మళ్లీ నెగటివ్ వచ్చింది. కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, ఆసుపత్రి గేటు దాటాక అంది: "ఆకలైతుంది. ఇడ్లీ తిందాం పాండ్రి."

హోటల్లో కూర్చున్నాక, "మాఫ్ జేసిన అనుకోకుండ్రి" అంది.

"అనుకోను."

"గుడి వంట ఎందుకు బందు పెట్టిండ్రు? డాక్టరమ్మ చెప్పిందా?"

"లేదు."

"మరి?"

తర్వాతి శనివారం గుడి వంటశాలకు వెళ్లాను. నా జబ్బు అన్నయ్యకు చెప్పలేదు. చెప్పాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదని కౌన్సెలింగ్‌లో చెప్పారు. ఆయన గరిటె నా చేతికిచ్చి, "చెయ్యి నయమైందా? నేను వండితే జనం ప్రసాదం కండ్లకద్దుకొని జేబుల వేసుకుంటుండ్రు గనీ, నోట్ల పెడ్తలేరు రా" అన్నాడు.

ఇప్పుడు రాత్రి భోజనం తర్వాత ఒక మాత్ర, నెలనెలా ఏఆర్‌టీ సెంటరుకు ఒక ప్రయాణం. తగ్గిన బరువులో చాలావరకు తిరిగి వచ్చింది. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ రిపోర్టులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, అంటే పరీక్షకు వైరస్ దొరకలేదని, ఉంది. ఇది ఇలాగే ఉన్నంతకాలం సంసారంలో భార్యకు సోకదని డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. నా భార్య రెండు ప్రశ్నలు అడిగింది. సమాధానాలు విని, సరే అంది. అంతకు మించి ఇక్కడ రాయవలసింది లేదు.

నా భార్యకు నెగటివ్ రావడం నా జాగ్రత్త వల్ల కాదు. పడక మార్చడం తప్ప, ఆ రెండు నెలల్లో ఆమెకు పనికొచ్చే పని నేను ఒక్కటీ చేయలేదు. అందుకే ఈ ఒక్క సలహా: చిగుళ్ల పరీక్ష ఉచితం, పేరు అడగరు, నొప్పి లేదు, చేయించుకోండి. రియాక్టివ్ అని చెబితే ఆ కుర్చీలోంచి లేవకముందే రక్తపరీక్షకు ఏ రోజు వెళతారో, ఎవరిని వెంట తీసుకువెళతారో నిర్ణయించుకోండి. మర్నాడు నేనూ వస్తానని ఆ కౌన్సెలర్ లాంటివారు ఎవరైనా అంటే, రమ్మనండి.