తారీఫ్ చెయ్యమన్నారు, చెప్పాను

మీ కొడుకును వకీలును చెయ్యాలని మీరు అనుకుంటున్నారు, సరే. వాడు నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టు చెప్పిన రోజున మీరు ఎక్కడ దాక్కోవాలో ముందే చూసిపెట్టుకున్నారా? నవ్వకండి. మా బాపు చూసిపెట్టుకోలేదు. అందుకే ఒక సాయంకాలం మట్టెవాడలోని తన ఇత్తడి గిన్నెల దుకాణంలో, బిందెల వరసకూ గోడకూ మధ్య ఉన్న జానెడు సందులోకి దూరబోయి, పట్టక, అక్కడే కూలబడ్డాడు. దానికి కారణం దొంగలు కారు, అప్పులవాళ్ళు కారు. రాజనీతి శాస్త్రం.

ఆ రోజుల్లో మా హైదరాబాదు రాజ్యంలో చదువంటే ఉర్దూ, కొలువంటే ఉర్దూ, కోర్టు కచేరీ అంటే ఉర్దూ. తెలుగు ఇంట్లో అన్నం పెట్టమని అడగడానికీ, పెట్టకపోతే అలగడానికీ పనికొచ్చే భాష. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. మా లాంటి వ్యాపారస్థుల ఇళ్ళల్లో పిల్లవాడికి తక్కెడ పట్టడం వస్తే చదువు పూర్తయినట్టే. కానీ మా మేనమామ హనుమకొండలో వకీలు. ఆయన నల్ల షేర్వాణీ వేసుకుని టాంగా దిగుతుంటే వీధిలో వాళ్ళంతా అరుగుల మీంచి లేచేవాళ్ళు. మా అమ్మకు ఆ లేవడం మీద ఆశ. బాపుకు అమ్మ అంటే భయం. ఈ రెండూ కలిసి నన్ను కాలేజీలో చేర్చాయి. దీనికి తోడు మా ఇంటి సిద్ధాంతి నా జాతకం చూసి రాజయోగం ఉందన్నాడు. (మా ఇంట్లో పుట్టిన మగపిల్లలందరికీ ఆయన అదే చెప్పాడు. అందులో ఒకడు కాశిబుగ్గలో నేతవాళ్ళకు నూలు అమ్ముతున్నాడు, ఇంకొకడు ఏమీ అమ్మడం లేదు.)

ఏం చదవాలన్నది వకీలు మామే తేల్చాడు. "వకీలు కావాల్నంటే ముందుగాల సియాసియాత్ చదవాలె. సర్కారు ఎట్ల నడుస్తదో తెల్వనోనికి చట్టం ఏం తెలుస్తది?" అన్నాడు. సియాసియాత్ అంటే రాజనీతి శాస్త్రం. బాపుకు తెలిసింది సియాసత్ ఒక్కటే, అంటే రాజకీయం. ఆ మాట వినగానే చేతిలోని తమలపాకు కింద పడింది. "సియాసత్ అంటే జైలు గద బావా," అన్నాడు. మామ తొణకలేదు. "పుస్తకంల ఉంటే జైలు లేదు. బయట ఉంటేనే జైలు," అన్నాడు. ఆ కాలపు రాజ్యాంగం మొత్తాన్ని అంత క్లుప్తంగా చెప్పినవాణ్ణి నేను ఆ తర్వాత ఏ పుస్తకంలోనూ చూడలేదు. నిజానికి బయట నలుగురు కూడి మాట్లాడుకోవాలంటే సర్కారు వారి అనుమతి కావాలి. లోపల, తరగతి గదిలో, నలభై మందిమి కూర్చుని వాక్‌స్వాతంత్ర్యం గురించి రాసుకునేవాళ్ళం. మాట్లాడేవాళ్ళం కాదు, రాసుకునేవాళ్ళం.

మా సియాసియాత్ సారును మేము తారీఫ్ సాబ్ అనేవాళ్ళం. ఆయన వచ్చి, తల ఎత్తకుండా కూర్చుని, "తారీఫ్ లిఖో" అనేవాడు. నిర్వచనం రాసుకోండి అని. పౌరుడి తారీఫ్, హక్కు తారీఫ్, చట్టం తారీఫ్. గంట కొట్టేదాకా తారీఫులే. ఒకసారి మాలో ఒకడు లేచి, "సార్, ఎన్నికలు ఎట్ల ఉంటయి?" అని అడిగాడు. మేమెవ్వరమూ ఎన్నికను చూసి ఉండలేదు. సారూ చూసి ఉండలేదు. "ఇంతెహాన్‌మే నహీ ఆతా," అన్నాడు. పరీక్షలో రాదట. పరీక్షలో రాలేదు, నిజమే. జీవితంలోనూ చాలా ఏళ్ళు రాలేదు. మా సిద్ధాంతికీ ఈ సారుకూ నాకు తేడా ఒక్కటే కనబడేది. మంత్రానికి అర్థమేమిటని అడిగితే సిద్ధాంతి కోప్పడేవాడు. సారు కోప్పడే శ్రమ కూడా తీసుకునేవాడు కాదు. పౌరుడి హక్కుల మీద పదకొండు పేజీలు రాసి బయటికొచ్చిన మేము, గేటు దగ్గర పోలీసు జమేదారు కనబడితే ఇటువైపు రోడ్డు మీంచి అటువైపు రోడ్డు మీదికి మారేవాళ్ళం.

నాకు మాత్రం ఒక జబ్బు ఉండేది. చదివిన ప్రతి తారీఫునూ ఇంటికి తీసుకుపోయి, అక్కడున్నదానికి సరిపోతుందో లేదో అని అతికించి చూసేవాణ్ణి. 'కుటుంబంలో అధికారం తండ్రిది' అని రాసుకున్న రోజు సాయంత్రం ఆ వాక్యాన్ని మా అమ్మ పక్కన నిలబెట్టి చూశాను. నిలబడలేదు. ఆ జబ్బును ఇంట్లోనే ఉంచుకుంటే బాగుండేది. దుకాణానికి తీసుకుపోయాను.

మా పేటకు ఒక అమీన్ ఉండేవాడు. అమీన్ అంటే పోలీసు అధికారి. ఆయన బజారుకు వస్తే దేన్నీ కొనేవాడు కాదు, ఎంచుకునేవాడు. ఆ సాయంకాలం మా దుకాణంలో స్టూలు మీద కూర్చుని చాయ తాగుతూ ఒక మరచెంబును ఎంచుకుంటున్నాడు. అప్పుడే నేను కాలేజీ నుంచి షేర్వాణీతో వచ్చాను.

"ఏం సావుకారీ, నీ కొడుకు షేర్వాణీ ఏసిండు. ఏం చదువుతాండు?"

"సియాసియాత్ సాబ్, మీ దయ. మల్ల లా చదివి వకీలు అయితడు."

అమీన్ చెంబు కింద పెట్టాడు. "సియాసత్?"

"సియాసత్ కాదు సాబ్, సియాసియాత్. గది వేరే. పుస్తకంలనే ఉంటది, బయటికి రాదు," అన్నాడు బాపు, చెంబును మళ్ళీ ఆయన చేతికి అందిస్తూ.

అమీన్ నవ్వాడు. మంచి చాయ కడుపులో పడి ఉంది. "అచ్ఛా. జర మన రియాసత్‌ది తారీఫ్ చెయ్యి బేటా, ఇంటం," అన్నాడు.

రియాసత్ అంటే రాజ్యం. నేను ఛాతీ విరిచాను. తారీఫ్ చెయ్యమని కాలేజీ బయట నన్ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి. "రియాసత్ అంటే నాలుగు ఉండాలె సాబ్. ఆబాదీ, అంటే జనం. ఇలాఖా, అంటే భూమి. హుకూమత్, అంటే సర్కారు. ఇఖ్తెదారె ఆలా, అంటే తన మీద ఇంకెవ్వలు లేని అధికారం. గీ నాలుగిట్ల ఏ ఒక్కటి లేకున్నా అది రియాసత్ కాదు."

ఆ బరువైన మాటలకు అమీన్ ముచ్చటపడ్డాడు. "శబాష్. మన దగ్గర నాలుగూ ఉన్నయి గద?"

చిలుకయితే అవునని ఊరుకునేది. నాకు జబ్బు ఉందని చెప్పాను కదా. "మూడు ఉన్నయి సాబ్," అన్నాను. "నాలుగోది రెసిడెంటు సాబు దగ్గర ఉన్నది."

(తెలియని వాళ్ళకు చెబుతున్నాను: రెసిడెంటు అంటే తెల్లదొరల తరఫున హైదరాబాదులో కోఠీ కట్టుకుని కూర్చుని, మా సర్కారు తుమ్మినా ఎందుకు తుమ్మిందని అడిగే దొర. ఈ సంగతి రాజ్యంలో అందరికీ తెలుసు. అందరికీ తెలిసినదాన్ని ఎవ్వరూ అనకూడదన్నదే అప్పటి రాజనీతి శాస్త్రం.)

బాపు గోడ వైపు కదిలింది అప్పుడే. అమీన్ లేచాడు. సగం చాయ వదిలేశాడు. చెంబు వదిలేశాడు. అదే బాపును చంపింది. "చెంబు ఇడిచిపెట్టి పోయిండు," అన్నాడు నేల మీద నుంచే. "ఆ మనిషి ఈ బజార్ల ఎన్నడన్న ఏదన్న ఇడిచిపెట్టిండా? నాలుగోది గూడ ఉన్నదంటే నీ సొమ్మేం బోయెరా?"

"పుస్తకంల అట్ల లేదు బాపూ."

"పుస్తకం జెప్పిందారా అమీన్ సాబుకు? నువ్వు జెప్పినవ్."

ఇంట్లో అమ్మ సిద్ధాంతిని పిలిపించింది. రాజయోగం చూసిన ఆ కళ్ళే మళ్ళీ అదే జాతకం చూసి, శని నాలుగో ఇంట్లో ఉన్నాడని కనిపెట్టాయి. (నాలుగోది ఎక్కడుందో ఎట్టకేలకు దొరికింది.) నువ్వుల దానం చెయ్యమన్నాడు, దానం తానే పట్టుకుపోయాడు, శని మాత్రం కదల్లేదు. రెండు రోజుల్లో కాలేజీ చప్రాసీ వచ్చాడు. సదర్ సాబు, అంటే మా ప్రిన్సిపాలు, తండ్రిని వెంటబెట్టుకుని రమ్మన్నాడు. సర్కారును కించపరిచానని అమీన్ ఫిర్యాదు చేశాడట. నా పేరు కొట్టేస్తారని కాలేజీ అంతా చెప్పుకుంటున్నారు. అక్కడ కొట్టేస్తే రాజ్యంలో ఇంకే కాలేజీ చేర్చుకోదు. బి.ఏ. లేదు, లా లేదు, టాంగా లేదు. జన్మంతా చింతపండుతో ఇత్తడి తోమడమే.

వకీలు మామ వచ్చి బాపునూ నన్నూ టాంగాలో ఎక్కించుకున్నాడు. దారిలో నేను శాస్త్రం నా పక్షాన ఉందని చెప్పబోయాను. "శాస్త్రం సాక్ష్యం చెప్పనీకి వస్తదారా? ఊకో," అన్నాడు. "అమీన్ ఏం అడిగిండు? నీ మాటలొద్దు, ఆయన మాట ఎట్లున్నదో అట్లనే చెప్పు."

"'మన రియాసత్‌ది తారీఫ్ చెయ్యి' అన్నడు మామా."

మామ ఒక్కసారి తొడ మీద చరుచుకున్నాడు. తన తొడ కాదు, నాది.

సదర్ సాబు గదిలో అమీన్ కుర్చీలో ఉన్నాడు. తారీఫ్ సాబ్ గోడకు ఆనుకుని చెమటలు కక్కుతున్నాడు. రెసిడెంటు సంగతి కూడా తానే చెప్పాడని నేను అంటానేమోనని ఆయన భయం. (పాపం, ఆయన ఏ సంగతీ చెప్పిన మనిషి కాదు.) మామ వంగి సలాములు చేసి, నేతిలో ముంచినట్టున్న ఉర్దూలో మొదలుపెట్టాడు. దాని సారాంశం ఇది: "హుజూర్, తారీఫ్ అనే మాటకు బజారులో పొగడ్త అని అర్థం, బడిలో నిర్వచనం అని అర్థం. అమీన్ సాబు బజారులో కూర్చుని అడిగారు, వీడు బడి నుంచి వచ్చి చెప్పాడు. ఆయన పొగడమన్నారు, వీడు నిర్వచించాడు. తప్పు ఆయనది కాదు, వీడిది కాదు. ఒకే మాటతో రెండు పనులు చేయించగలిగిన మన భాష గొప్పతనం ఇది."

"నేను పొగడుమనే అన్న," అన్నాడు అమీన్, తన నేరమేదో బయటపడ్డట్టు.

"అదే నేనూ మనవి చేస్తున్నాను."

సదర్ సాబు తెల్లగడ్డం నిమురుకున్నాడు. చదువుకున్న మనిషి. నా వైపు తిరిగి, అమీన్ అడిగిన వాక్యాన్నే మళ్ళీ వేశాడు: "రియాసత్ కీ తారీఫ్ కరో." బజారు తారీఫో బడి తారీఫో చెప్పలేదు. ముఖంలో కూడా చెప్పలేదు. మామ చెప్పుతో నా మడమ నొక్కాడు. ఏ అర్థానికి నొక్కాడో అదీ తెలియలేదు.

మొదలుపెట్టాను. మన రియాసత్ జనం ఎంత మంచివాళ్ళో, ఏం చేసినా ఎంత ఓర్చుకుంటారో చెప్పాను. భూమి ఎంత మంచిదో, ఎన్ని చెరువులున్నాయో, ములుగు అడవుల్లో టేకు ఎంత లావుంటుందో చెప్పాను. సర్కారు ఎంత గొప్పదో, రైళ్ళూ దవాఖానలూ ఎట్లా కట్టించిందో చెప్పాను. అమీన్ ముఖం విచ్చుకుంటోంది. అప్పుడు నాకు తెలిసొచ్చింది, నేను పొగడుతున్నది ఆ నాలుగింటినీ వరసగానేనని. మూడు అయిపోయాయి. అలవాటుపడ్డ నోరు తానే "చౌథీ చీజ్" అనేసింది. నాలుగోది.

తారీఫ్ సాబ్ కళ్ళు మూసుకున్నాడు. బాపు ఆ గదిలో కూడా ఒక సందు కోసం వెతుకుతున్నాడు. ఉందంటే అబద్ధం. లేదంటే ఇత్తడి. నా గొంతులోంచి ఎవరిదో గొంతు వచ్చింది: "దాని తారీఫ్ చెయ్యడం నా వశం కాదు హుజూర్."

అమీన్ కళ్ళు చెమర్చాయి. ఆయన జీవితంలో రియాసత్‌కు అంతటి పొగడ్త విని ఉండడు. సదర్ సాబు కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, నా వైపు తిరిగాడు. "ఈ పిల్లవాడు వకీలు అవుతాడు," అన్నాడు. అది పొగడ్తో, నిర్వచనమో నాకు ఈనాటికీ తేలలేదు. నా పేరు మాత్రం మిగిలింది.

మెట్లు దిగుతుంటే మామ నా టోపీ సర్ది, "సియాసియాత్ అయిపోయిందిరా అల్లుడా. ఇయ్యాల్టి సంది లా మొదలైంది," అన్నాడు. ఆ సాయంత్రమే బాపు మరచెంబును అమీన్ ఇంటికి తానే మోసుకుపోయాడు, పక్కన ఒక జాలిగరిటెతో సహా.

అవును, వకీలునయ్యాను. ఆ రియాసత్ పోయింది, ఆ రెసిడెంటు పోయాడు. నాలుగోది ఇప్పుడు మన చేతుల్లోనే ఉందంటారు. అయినా మన పిల్లలు ఆ నాలుగింటినీ అదే రాగంలో తెలుగులో వల్లిస్తున్నారు, మన సార్లు పరీక్షలో రాదని అంటూనే ఉన్నారు, మన సిద్ధాంతులు వాళ్ళకు రాజయోగాలు చూస్తూనే ఉన్నారు. కచేరీలో నేను గెలిచిన వాదనలన్నీ రెండు అర్థాల మాటలతో గెలిచినవే. ఒక్క అర్థంతో నేను చెప్పిన రాజనీతి వాక్యం ఒక్కటే, అదీ ఇత్తడి బిందెల మధ్య, పదిహేడేళ్ళప్పుడు. ఆ షేర్వాణీ వెర్రివాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడు ఒక్కసారి మళ్ళీ దుకాణంలోకి వస్తే బాగుండునని కూడా అనిపిస్తుంది. వాడు రాడు, నేనే వాణ్ణి వకీలును చేశాను.

మీ ఇంట్లో అలాంటివాడు ఒకడు ఇంకా మిగిలే ఉంటాడు. పెద్దమనుషుల ముందు వాడు ఏదో అనేసిన రోజున జానెడు సందు కోసం వెతకకండి, శనిని వెతకకండి, వకీలును అసలే వెతకకండి. వాడు అన్నది నిజమా కాదా అని మీరే చూడండి. నిజమైతే లేచి, వెళ్ళి, వాడి పక్కన నిలబడండి.