చివర్లో ఒక్క నిమిషం

మా బావకి గొంతు తప్ప ఇంకో ఆస్తి లేదు. ఆ గొంతుతోనే పద్దెనిమిదేళ్ళు బస్టాండులో ఉద్యోగం చేశాడు. "దయచేసి గమనించండి, నాలుగో ప్లాట్‌ఫారం మీద..." అంటూ గాజు గదిలో కూర్చుని పొద్దస్తమానం బస్సుల్ని పిలిచేవాడు. ఒకరోజు పై అధికారి వచ్చి ఊళ్ళ పేర్లూ అంకెలూ విడివిడిగా చదివి రికార్డు చేసిపెట్టమన్నాడు. ఎప్పుడైనా నీకు జలుబు చేస్తే పనికొస్తుందన్నాడట. మా మహానుభావుడు వారం రోజులు కూర్చుని, ఒక్కో ఊరినీ మూడేసి సార్లు, నోరు నొప్పి పుట్టేదాకా చదివిచ్చాడు. పై నెల గాజు గదికి తాళం పడింది. మనిషిని పంపేసి గొంతును అట్టే పెట్టుకున్నారు. ఇప్పటికీ బస్టాండుకు వెళ్తే మా బావే బస్సుల్ని పిలుస్తుంటాడు.

నవ్వొచ్చే సంగతే. నేను చాలా నవ్వాను కూడా. నేను ఆయన మరదల్ని, ఆటపట్టించడం నా హక్కు. "తన గొయ్యి తానే తవ్వుకున్నవాళ్ళను చూశాను గానీ, మైకు పెట్టి మరీ తవ్వుకున్నవాణ్ణి నిన్నే చూశాను బావా" అన్నాను. ఆయన నవ్వలేదు. రెండు నెలలు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సాయంత్రం పూట ఊరికే బస్టాండుకు వెళ్ళి, బెంచీ మీద కూర్చుని తన గొంతు తనే విని వచ్చేవాడని తర్వాత అక్క చెప్పింది.

ఆ కసిలోంచే పాడ్‌కాస్ట్ పుట్టింది. పగలంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన వేళలో ఎవరి మెప్పుకోసమూ కాకుండా బొమ్మలు వేసేవాళ్ళూ, పాటలు కట్టేవాళ్ళూ, చెక్క చెక్కేవాళ్ళూ ఆయనకు కావాలి. వాళ్ళ కళ గురించి సగం, వాళ్ళ ఇంటి గొడవల గురించి సగం అడిగేవాడు. వెనక గదిలో గోడలకు పాత పరుపులు నిలబెట్టి, నడుమ రెండు కుర్చీలు వేశాం. మాటల్ని కోసి అతికించే పని నాది. జీతం లేదు, అక్క చేతి భోజనమే.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి గదికీ తనదైన చప్పుడు ఒకటి ఉంటుంది. ఫ్యానో, వీధో, గోడ అవతలి నీళ్ళ గొట్టమో. మాట కోసిన చోట ఆ చప్పుడు పెట్టి అతికించకపోతే, వినేవాడికి గుంటలో కాలు పడ్డట్టు ఉంటుంది. అందుకని ఇంటర్వ్యూ అయిపోయాక, మైకు ఆపకుండా, అందరం నోరు మూసుకుని ఒక్క నిమిషం కూర్చుంటాం. దాన్ని మేం గది చప్పుడు అంటాం.

ఒకసారి ప్లాస్టిక్ గొట్టాలతో వేణువులు చేసే ప్లంబరు ఆ నిమిషం మధ్యలో ఉండబట్టలేక, "నిజం చెప్పాలంటే నా వాయింపు వింటే మా ఆవిడకి తలనొప్పండీ, నేను మరుగుదొడ్లో కూర్చుని వాయించుకుంటా" అనేశాడు. గంటసేపు కళాసేవ గురించి చెప్పిన మనిషి! బావ ఆ ముక్క చివర్లో పెట్టించాడు. జనం పడీపడీ నవ్వారు. ప్లంబరు కూడా నవ్వాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. బావ దాన్ని విద్యలా సాధన చేశాడు. నిమిషాన్ని రెండు చేశాడు, మూడు చేశాడు. ఎదుటివాళ్ళ మొహం చూడకుండా తన చేతుల వంక చూసుకుంటూ కూర్చునేవాడు. మనుషులు దేన్నైనా ఓర్చుకుంటారు గానీ ఎదురుగా మౌనంగా కూర్చున్న మనిషిని ఓర్చుకోలేరు. ఏదో ఒకటి కక్కేస్తారు. "ఇది ఎపిసోడ్‌లో పడదండీ, ఉత్తి గది చప్పుడే" అని ముందే చెప్పేవాడు బావ. అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మూల కూర్చునేదాన్ని.

దుప్పట్లావిడను తెచ్చింది మా అక్క. అక్క ఆసుపత్రిలో బిల్లుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. అదే ఆసుపత్రి బట్టల గదిలో చిరిగిన దుప్పట్లకు మాసికలు వేసే మనిషి ఆవిడ. ఏభై ఏడేళ్ళు, ఒంటరిది. అక్కడ అందరూ దుప్పట్లావిడ అనే పిలుస్తారు. "మా ఆయన గొంతు మీకు నచ్చుతుంది, రండి" అని అక్కే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆవిడ చేసేది నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. రోగి పడుకుని లేచాక దుప్పటి మీద ముడతలు మిగులుతాయి కదా, ఆ ముడతల వెంటే తెల్లదారంతో సన్నగా కుట్టేస్తుంది. ఇక ఆ ముడత విప్పుకోదు. దూరం నుంచి చూస్తే తెల్లగుడ్డ. దగ్గరికొస్తే ఒక మనిషి పక్కకి తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టు తెలుస్తుంది. "వాళ్ళు లేచి ఇంటికెళ్ళారో, లేవలేదో నాకు తెలీదు బాబూ. నా దగ్గరికి ముడతలే వస్తాయి" అంది.

గంటన్నర చక్కగా మాట్లాడింది. ఇంకో పదకొండు నెలల్లో పెన్షన్ వస్తుందనీ, అప్పుడు కిటికీ ఉన్న గది ఒకటి అద్దెకు తీసుకుని పొద్దంతా ఇదే కుట్టుకుంటాననీ చెప్పింది. కిటికీ మాట ఆవిడ నాలుగుసార్లు చెప్పింది.

తర్వాత బావ, "ఒక్క నిమిషం గది చప్పుడమ్మా" అన్నాడు. తన చేతుల వంక చూసుకున్నాడు. రెండో నిమిషం కూడా దాటాక ఆవిడ గొంతు సవరించుకుంది.

"అసలు ఈ గుడ్డలు నావి కావు బాబూ. మాసికకు లొంగని దుప్పటిని లెక్కరాసి మంటలో వేయాలి, అది రూలు. నేను వేశానని రాస్తాను, వెయ్యను. టిఫిన్ సంచి అడుగున పెట్టుకుని తెచ్చేసుకుంటాను. మనిషి పడుకున్న ఆనవాలును ఎలా తగలబెట్టను చెప్పండి? మూలనున్న ఆసుపత్రి ముద్ర కూడా కత్తిరించను. ఆ నీలం ముద్ర చందమామలా ఉంటుంది." అని నవ్వి, ఠక్కున ఆగిపోయింది. "అయ్యో, ఇది పడలేదు కదా?"

"లేదమ్మా" అన్నాడు బావ, బస్సుల్ని పిలిచే ఆ గొంతుతో.

ఆవిడకు నమ్మకం కుదరలేదు. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, ఒకవేళ పడితే ఆ చివరి మాట తీసేస్తావు కదూ? నా నోరు మంచిది కాదు."

"తీసేస్తానండీ. నాదీ పూచీ" అన్నాను.

తీసేశాను కూడా. బావ విని మొహం చిట్లించాడు. "ఉప్పు లేని కూరలా ఉంది. చివరిది ఏదీ?"

"ఆవిడ ఉద్యోగం పోతుంది బావా."

"ఎవరు వింటారే? ఆసుపత్రి పెద్దలు మన పాడ్‌కాస్ట్ వింటారా? అది లేకపోతే ఆవిడ దారం, సూది, అంతే. అది ఉంటే మనిషి."

నేను గట్టిగా కాదనలేదు. ఎందుకు దాచాలి, ఆ నిమిషం నాకూ నచ్చింది. నేను పట్టినవాటన్నిటిలో అదే మంచి నిమిషం. తిరిగి పెట్టాను. పెట్టి ఊరుకోలేదు, ఫ్యాను చప్పుడు వెనక ఆవిడ గొంతు మరుగున పడుతోందని గంట సేపు కూర్చుని ఆ ఫ్యానును తుడిచేశాను. ప్రతి అక్షరం గంట కొట్టినట్టు వినబడేలా చేశాను.

ఎపిసోడ్ ఎక్కించిన పందొమ్మిదో రోజున ఆవిణ్ణి ఆసుపత్రిలో విచారణకు పిలిచారు. బల్ల మీద ఫోను పెట్టి మా ఎపిసోడ్ వినిపించారట. ఇంకేం సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆసుపత్రి సొత్తు కాజేసిందనీ దొంగలెక్క రాసిందనీ ఉద్యోగం తీసేశారు. దానితోపాటు పెన్షనూ పోయింది. "అన్ని మాటలూ ఎంత స్పష్టంగా వినబడ్డాయో" అని పక్కన కూర్చున్న గుమాస్తా అక్కతో చెప్పాడట.

అక్క ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పలేదు, నేరుగా వెనక గదిలోకి వచ్చింది. "ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. మీరిద్దరూ కాకులేనండీ!" అని బావను తిట్టి, నా వైపు తిరిగింది. "నువ్వు మాటిచ్చావటగా. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదే. మీ చెల్లెలు మర్చిపోయిందేమో పాపం, అంది." ఆ పాపం అన్న మాట నా గుండెల్లో దిగబడింది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను.

బావ మాత్రం నాలుగు రోజులు ఆలోచించి, "ఆవిడ ఇప్పుడెలా ఉందో ఇంకో ఎపిసోడ్ చేద్దాం" అన్నాడు! గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆవిడ తలుపు వేసేస్తుందనుకున్నాను. "రమ్మనండి" అని అక్కతో కబురు పంపింది.

ఆవిడది ఒంటి గది. కిటికీ లేదు. నేల మీద కూర్చుని తను కుట్టిన దుప్పటి బొమ్మల్ని కత్తిరిస్తోంది. ఆసుపత్రి గుడ్డ మొత్తం ఒప్పజెప్పాలని, లేకపోతే పోలీసు కేసు పెడతామని కాగితం వచ్చిందట. కుట్టు ఉన్నది ఉన్నట్టు ఇవ్వడం ఇష్టం లేక జానెడు పేలికలుగా కోసి గోనెసంచిలో వేస్తోంది. ఎలాగూ మంటలోకే కదా అంది. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు.

బావ మైకు పెట్టాడు. ఎలా ఉన్నారమ్మా అన్నాడు. కత్తెర కరకరమంది. కోపంగా ఉందా అన్నాడు. కత్తెర. ఒక మనిషి వీపు రెండుగా తెగింది. బావ చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. ఐదు నిమిషాలు, పది, పదిహేను. ఆవిడ తలెత్తలేదు. తన విద్య తనకే ఎదురు తిరిగింది. బావ నుదుటి మీద చెమట నేను చూశాను.

"నాకు తెలుసమ్మా" అన్నాడు హఠాత్తుగా. "మీ ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. ఎవరూ వినరని మా మరదలితో అన్నాను గానీ, వింటారని తెలుసు. నన్ను పంపేసిన రోజున పక్క గదిలోవాళ్ళు టీ తాగుతున్నారు. ఒక్కడూ కప్పు కింద పెట్టలేదు. ఇంకొకళ్ళకు అలా జరిగితే ఎలా ఉంటుందో నాకు వినాలనిపించింది. అంతే. మీ బొమ్మలు నేను సరిగ్గా చూడను కూడా లేదు."

నా చెవుల్లో హెడ్‌ఫోన్లు నిప్పులా కాలాయి. థూ అని మొహాన ఉమ్మాలనిపించింది.

ఆవిడ కత్తెర ఆపి మొదటిసారి తలెత్తింది. బావను కాదు, నన్ను చూసింది. "అయిపోయిందా? దీంట్లో ఏదీ తీసేయకు అమ్మాయ్."

ఇంటికొచ్చాక బావ కాళ్ళబేరానికి వచ్చాడు. ఆ ముక్క తీసెయ్యవే, నా పరువు పోతుంది అన్నాడు. నేను వినలేదు. ఈసారైనా మాట నిలబెట్టుకోవాలనుకున్నాను. ఒక్క దగ్గు కూడా కొయ్యకుండా ఉన్నది ఉన్నట్టు ఎక్కించేశాను. జనం దుమ్మెత్తిపోస్తారు, ఈ మనిషి మళ్ళీ మైకు ముట్టుకోడు, ఆవిడకు ఆ పాటి న్యాయమైనా జరుగుతుందని ఆశపడ్డాను.

జనం ఏడ్చారు. బావ కోసం ఏడ్చారు. తప్పును ఇంత ధైర్యంగా ఒప్పుకున్న మగవాణ్ణి చూడలేదని రాశారు. బస్టాండు కథ మొత్తం చెప్పమని అడిగారు. మీరు మిమ్మల్ని క్షమించుకోండి సార్ అని ఒకావిడ పేజీడు రాసింది. అన్ని ఎపిసోడ్లూ కలిపినా రాని శ్రోతలు ఆ ఒక్కదానికి వచ్చారు. వారం తిరిగేసరికి బావ నడకే మారిపోయింది. ఎక్కడో సభలో నిజాయితీ గురించి మాట్లాడమని పిలిచారు కూడా. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, ఆవిడ నన్ను నమ్మింది రెండుసార్లు. తీసెయ్యమన్నది ఉంచాను, ఉంచమన్నది ఉంచాను. రెండుసార్లూ లాభం బావకే.

ఆవిడ గురించి అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళలో ఒకడు రాశాడు: "వెనక వినిపించే ఆ కత్తెర చప్పుడు ఎంత హాయిగా ఉందో! నిద్రపోయేముందు పెట్టుకుంటున్నాను. అదొక్కటే గంటసేపు ఉండేలా విడిగా పెట్టగలరా?" బావ దాన్ని నాకు చూపించి, "ఐడియా బాలేదూ?" అన్నాడు. హెడ్‌ఫోన్లు ఆయన ఒళ్ళోకి విసిరేసి ఆ గదిలోంచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు.

మొన్న ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. అక్క చెప్పిన చోటు వినగానే నమ్మలేదు. బస్టాండులో, ఆరో ప్లాట్‌ఫారం మెట్ల కింద, ఒక కుట్టుమిషను పెట్టుకుని తెగిన సంచులూ ఊడిన జిప్పులూ కుడుతోంది. నెత్తి మీద మైకులో, "దయచేసి గమనించండి" అంటున్నాడు మా బావ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గొంతు కిందే ఆవిడ కూర్చుంటోంది.

నన్ను గుర్తుపట్టింది. మిషను ఆపింది.

"ఫోను ఎక్కడుంది?"

"సంచిలో ఉందండీ."

"బయటికి తీసి ఇక్కడ పెట్టు."

మిషను మీద పెట్టాను. దాన్ని తిరగేసి, అద్దం కిందికి ఉండేలా పెట్టి, ఆవిడ నా వంక చూస్తూ ఊరుకుంది. ఒక బస్సు వెళ్ళింది. ఇంకో బస్సు వచ్చింది. ఉండబట్టలేకపోయింది నేనే. మర్చిపోలేదండీ, కావాలనే ఉంచాను, ఫ్యాను చప్పుడు కూడా నేనే తుడిచాను, అని ఏడుస్తూ మొత్తం కక్కేశాను.

ఆవిడ అంతా విన్నది. ఫోను నా చేతికిచ్చింది.

"నీకేం కుట్టాలో చెప్పు. లేకపోతే కాస్త పక్కకి జరుగు, వెనక మనుషులున్నారు."