తీసిపెట్టమన్న ఫోటో

ఎమ్మిగనూరులో బసవరాజన్న దుప్పట్ల అంగడికి కొత్త వెబ్‌సైట్ చేసింది నేనే. ఆదోనిలో ఒక గది, రెండు కంప్యూటర్లు, తలుపు మీద సంతోషి అని నా పేరున్న బోర్డు, అదీ నా వ్యాపారం. పనిలో నన్ను ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదని మహా పొగరు నాకు. ఆ పొగరే కొంప ముంచింది. నా కొంప కాదు, మారెమ్మ కొంప.

మారెమ్మ మొగుడు మాదన్న ఇరవై ఏళ్లు బసవరాజన్నకు మగ్గం నేశాడు. పోయిన ఏడు గుండె ఆగి మగ్గం గుంటలోనే ఒరిగిపోయాడు. ఆధార్ కార్డు మీదున్న నల్లటి మసకను చూపిస్తే, "ఆ దొంగమొగం ఎవునిదో" అంటుంది మారెమ్మ. ఆమె మాదన్న పాత వెబ్‌సైట్ మొదటి పేజీలో ఉండేవాడు, మగ్గం ముందు కూర్చుని. ప్రతి సోమవారం మగ్గానికి నూలు కండెలు చుట్టిచ్చి, అంగడి ఫోన్‌లో ఆయన్ని చూసుకుని పోయేది. ఎప్పుడు కావాలంటే అప్పుడు కనపడుతున్నాడు గనక ఒక కాపీ తీసుకుందామని ఎవరికీ తోచలేదు.

సంవత్సరీకానికి పటం కట్టిద్దామని బసవరాజన్నకు అనిపించింది. పటం సంగతి మారెమ్మకు చెప్పాడు, నాకు చెప్పలేదు. ఫోన్ చేసి, "కొత్తది పెట్టకముందే మాదన్న పొటో తీసిపెట్టమ్మా, మర్సిపోవద్దు" అన్నాడు, అంతే.

ఊరగాయ నాలుగు ముక్కలు తీసిపెట్టమంటే దాచమని. కాల్లో ముల్లు తీసిపెట్టమంటే పీకేయమని. నాకు ముల్లే తోచింది. శుభమా అని కొత్తది మొదలుపెడుతూ పోయినవాళ్ల బొమ్మ ఎందుకనుకున్నాడు కాబోలు, అనుకున్నాను. బ్యాకప్ తీయకముందే ఫోటో చెరిపేశాను, మళ్లీ దొరక్కుండా. రెండు రోజులకు ఆయన "తీసిపెట్టినావా?" అని అడిగితే, "అయిపోయిందన్నా" అన్నాను.

శుక్రవారం తొమ్మిది నలభై రెండుకు ముహూర్తం. అంగట్లో నా ల్యాప్‌టాప్‌కు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు. సైట్ ఒక్క నిమిషం ఆగలేదు, పాత లింకులన్నీ కొత్త పేజీలకు చక్కగా పోయాయి. పదిన్నరకే బెంగళూరు నుంచి ఆర్డరు. నల్లేరు మీద బండి నడకే. బసవరాజన్న నాకు శాలువా కప్పాడు.

మారెమ్మ అప్పుడే వచ్చింది. గుంటూరు వైపు మిరప కోతలకు, మావైపు సుగ్గి అంటారే, ఆ వలసకు పోయి రెండు నెలల తర్వాత ఆ పొద్దునే ఊళ్లో దిగిందట. చేతిలో అద్దం బిగించిన ఖాళీ పటం.

"పొటో ఈయమ్మ దగ్గరుంది మారెక్కా, ఇప్పుడే అచ్చేపిస్తా," అన్నాడు బసవరాజన్న.

ఆ ఫోటో చెరిపేశానని చెప్పేశాను.

"తీసిపెట్టమంటి గదమ్మా! తీసేయమంటినా?" అని ఆయన తల పట్టుకున్నాడు. పాత సైట్ ఉంచిన కంపెనీకి ఫోన్ చేశాను, లేదన్నారు. ఆ ఫోటో తీసిన కాలేజీ అమ్మాయిని పట్టుకుంటే, ఆ ఫోన్ పోయి నాలుగేళ్లయిందంది. బసవరాజన్న ఇంకెవరికో ఫోన్ చేస్తూ లోపలికి పోయాడు.

మారెమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అనదేమని నాకు కోపం కూడా వచ్చింది. పటం ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

"కడాకు ఆ పొటో సూసింది నువ్వే గదమ్మా," అంది మెల్లగా. "ఆయప్పకు సెంప మీద మచ్చ ఉండె. కండ్లు మూసుకుంటే ఒకసారి ఈ పక్క కనపడతాంది, ఒకసారి ఆ పక్క. పొటోలో సూసుకుందామని వస్తి. యా పక్క ఉండె?"

నేను చూడలేదు. అది ఎంత పెద్ద ఫైలో చూశాను, ఎక్కడుందో చూశాను. మనిషి ముఖం వైపు చూడకుండానే చెరిపేశాను.

"కుడి పక్క పెద్దమ్మా," అన్నాను.

ఆమె తన కుడి చెంప తడుముకుంది. "ఆ, ఈడనే," అంది, ప్రాణం కుదుటపడ్డట్టు. "ఈడనే ఉండె."

నేను చూడని మచ్చను మాదన్న ముఖం మీద నేనే పెట్టాను. ఆమె దాన్ని నమ్ముకుని ఇంటికి పోయింది.